కాగితం చెప్పనిది చదవడం

హౌరా నుంచి దక్షిణానికి బయలుదేరిన రైలు మొదట దాటే స్టేషన్ టికియాపారా. విశాఖ, విజయవాడ వైపు వచ్చే తెలుగువాళ్లు అప్పటికింకా సామాన్లు సర్దుకుంటూ, సీటు కింద సూట్‌కేసుకు గొలుసు బిగించుకుంటూ ఉంటారు. అందుకే ఆ బోర్డు చాలామంది కంటపడదు. వాడుకలో కోల్‌కతా అనేస్తాం గానీ, టికియాపారా ఉన్నది హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాలో. సౌత్ ఈస్టర్న్ రైల్వే లోకల్ రైళ్ల కార్‌షెడ్ అక్కడే. పల్లపు నేల. గట్టి వాన పడిందంటే యార్డులో పట్టాలు నీట మునుగుతాయి. ఆ రోజు కొన్ని రైళ్లు రద్దవుతాయి, కొన్ని గంటల ఆలస్యంగా కదులుతాయి, కొన్ని హౌరా దాకా రాకుండా ముందే ఆగిపోతాయి. అప్పుడు రైల్వే ఒక ప్రకటన విడుదల చేస్తుంది.

రైల్వే ప్రకటనల్లో రైలు నంబరు పక్కన తరచుగా ‘జేసీఓ’ అని మూడక్షరాలు, ఒక తేదీ ఉంటాయి. జర్నీ కమెన్సింగ్ ఆన్ అన్నమాట. అది రైలు తన మొదటి స్టేషన్‌లో కదిలే తేదీ, మనం ఎక్కే తేదీ కాదు. 14వ తేదీ రాత్రి హౌరాలో బయలుదేరాల్సిన రైలు విశాఖ వచ్చేది 15న. ‘జేసీఓ 14, రద్దు’ అని చదివి, ‘మన టికెట్ 15న కదా, మనకేం ఫరవాలేదు’ అనుకునే మనిషి స్టేషన్‌కు వెళ్లి బోర్డు చూశాక గానీ సంగతి గ్రహించడు. అతనికి చదువు రాక కాదు. ప్రకటనలో ప్రతి అంకె, ప్రతి మాట చదివాడు. తేదీ ఎక్కడిదో కాగితం విడమరిచి చెప్పలేదు, ఆ ఖాళీని అతనే తనకు తోచినట్టు పూరించుకున్నాడు. పూరించుకున్నానన్న సంగతి అతనికే తెలియదు.

చదివినదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడాన్నే పోటీ పరీక్షల భాషలో రీడింగ్ కాంప్రహెన్షన్ అంటారు. కోచింగ్ సెంటర్లలో అది ఇంగ్లిష్ పేపర్లో ఓ పది మార్కుల వ్యవహారం. ముందు ప్రశ్నలు చూడు, తర్వాత ప్యాసేజ్‌లో కీలక పదం వెతుకు, గుర్తుపెట్టు, ముందుకు పో అని చెబుతారు. అది కొంతవరకు పనిచేస్తుంది కూడా. కానీ చదివి అర్థం చేసుకోవడమంటే నా లెక్కలో మూడింటిని విడదీయగలగడం: కాగితం చెప్పినదేది, చెప్పనిదేది, చెప్పకపోయినా నేను కలుపుకున్నదేది. పరీక్షలో మార్కులు పోయేదీ, ఉద్యోగంలో ప్రమాదాలు వచ్చేదీ ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే.

ఈ సంగతి టికియాపారా పట్టాల పక్కన నిలబడి తెలుగువాళ్లతో మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలను బెంగాల్ వైపు నడిపించింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినపడని వీధి తక్కువ. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడ్డాక మన వాల్తేరు డివిజన్ కూడా 2003 దాకా కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్ ఆఫీసు కిందే ఉండేది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది కూడా. ఇంత పాత కాపురం. కానీ అక్కడి పిల్లవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో మరొకటి. చివరకు ఉద్యోగం నిర్ణయించే కాగితం చాలాసార్లు ఇంగ్లిష్‌లో ఉంటుంది.

టికియాపారా బస్తీలో పిల్లల పరిస్థితీ ఇందుకు భిన్నం కాదు. ఉర్దూ, హిందీ మాట్లాడే కూలి కుటుంబాలు ఎక్కువ. అక్కడే పుట్టి పెరిగిన మమూన్ అఖ్తర్ చిన్న గదిలో కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టిన చదువు సమారిటన్ హెల్ప్ మిషన్ అనే సంస్థ అయింది. కలకత్తా యూదు కుటుంబానికి చెందిన రెబెకా బెలిలియస్ పేరుతో ఇంగ్లిష్ మీడియం బడి దాకా పెరిగింది. బెలిలియస్ పేరు ఆ ప్రాంతంలో రోడ్డుకూ ఉంది. ఇంగ్లిష్ మాట ఒక్కటి లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుంటారు. అక్షరాలు పలకడం నేర్పితే సరిపోదని అలాంటి బడిలో పనిచేసే ఏ టీచరైనా ముందు గ్రహించాల్సిందే.

మన తెలుగు బడుల్లో ఇది గ్రహించడం ఇంకా కష్టం. ఎందుకంటే మన లిపి రాసినట్టే పలుకుతుంది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డాక పిల్లవాడు ఏ పేజీ ఇచ్చినా గడగడ చదివేస్తాడు. ఇంగ్లిష్‌లో తడబాటు బయటికి వినిపిస్తుంది, తెలుగులో వినిపించదు. గొంతు సాఫీగా సాగితే బుర్రలోకి వెళ్లిందనే అనుకుంటాం. ‘మావాడు పేపరు మొత్తం చదివేస్తాడండీ’ అని మురిసిపోయే తండ్రి, చదివిన వార్తలో ఎవరు ఎవరిమీద కేసు పెట్టారో ఒకసారి అడిగి చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో పెద్దెత్తున కొలిచేది కూడా ఎక్కువగా పైకి చదవడమనే ఆ మొదటి మెట్టునే. ప్రథమ్ సంస్థ నడిపే అసర్ సర్వేలో పిల్లల చేతికి అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ వరసగా ఇచ్చి పైకి చదివిస్తారు. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం. 2022లో అది 38.5 ఉండేది కాబట్టి కొంత మెరుగుపడినట్టే. కానీ ఇది పైకి చదవగలగడం మాత్రమే. చదివినదాని భావం పట్టుకున్నారా అన్నది ఆ పై మెట్టు.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకునే శక్తి అంటే అక్షరాల్ని మాటలుగా మార్చుకునే నేర్పు, ఆ భాష వింటే అర్థమయ్యే శక్తి, ఈ రెండింటి గుణకారం అన్నారు. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా ఫలితం సున్నా. టికియాపారా పిల్లవాడు ఇంగ్లిష్ పాఠం చక్కగా పలికినా ఆ భాష వినే అలవాటు లేకపోతే అర్థం నిలవదు. మరోవైపు కథ వింటే తూచా తప్పకుండా చెప్పే మన నాయనమ్మకు అక్షరాలు రాకపోతే పుస్తకం అందదు. ఎవరికి ఏది తక్కువో చూడకుండా అందరికీ ఒకే మందు పోయడం మన ట్యూషన్ల పద్ధతి.

ఈ గొడవ తెలుగులో వందేళ్ల నాడే నడిచింది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి 1900ల మొదటి దశకంలోనే, బడి పుస్తకం ఒక భాషలో, పిల్లవాడి నోరు మరో భాషలో ఉంటే చదువు ఎలా ఒంటబడుతుందని నిలదీశాడు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా విశాఖ వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిష్ దొర కూడా అప్పట్లో అదే సందేహంలో ఉన్నాడు. గిడుగును మనం భాషా సంస్కర్తగా పూజించి ఊరుకుంటున్నాం గానీ, ఆయన లేవనెత్తింది అచ్చంగా అర్థం కావడం గురించిన ప్రశ్న. ఈనాటి సర్కారు తెలుగు, పరీక్షల అనువాదపు తెలుగు చూస్తే ఆ ప్రశ్నకు వయసు మళ్లలేదనిపిస్తుంది.

భాష వచ్చినా చాలదు, విషయం కొంత ముందే తెలిసి ఉండాలి. 1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ ఒక పేరా రాసి కాలేజీ విద్యార్థులకు వినిపించారు. వస్తువుల్ని కుప్పలుగా వేరుచేయాలి, ఒకేసారి మరీ ఎక్కువ పెట్టకూడదు, పని అయ్యాక మళ్లీ వేరుచేయాలి, ఇలా సాగుతుంది. మాటలన్నీ తేలికే, కానీ విన్నవాళ్లకు ఏమీ అంతుపట్టలేదు, చాలామందికి గుర్తూ లేదు. ఇది బట్టలుతకడం గురించి అని ముందే చెప్పినవాళ్లకు మాత్రం అంతా తేటతెల్లం. పేరా మారలేదు, వినేవాడికి ముందే దొరికిన ఆధారం మారింది.

1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చేసిన ప్రయోగం ఇంకా గడుసుది. బేస్‌బాల్ ఆటలో ఒక ఘట్టాన్ని వర్ణించే పాఠం పిల్లలకిచ్చారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నా ఆట తెలియని పిల్లల కన్నా ఆ పాఠాన్ని బాగా చెప్పగలిగారు. మన దగ్గర క్రికెట్ పెట్టి ఈ ప్రయోగం చేస్తే ఫలితం ఊహించడం కష్టం కాదు. ‘నోబాల్‌కు రనౌట్ అయ్యాడు’ అన్న వాక్యం ఆట తెలియనివాడికి మూడు మాటలు, తెలిసినవాడికి ఒక పూర్తి దృశ్యం.

దీన్నుంచి తేలేది కోచింగ్ పుస్తకాల వాళ్లకు రుచించదు. కాంప్రహెన్షన్ అనేది విషయంతో సంబంధం లేకుండా విడిగా పెంచుకునే కండ కాదు. బ్యాంకు పరీక్షల ప్యాసేజ్‌లలో రెపో రేటు, ద్రవ్యోల్బణం, పంట బీమా, డేటా భద్రత లాంటి విషయాలు మాటిమాటికీ తగులుతుంటాయి. రెపో రేటు పెంచితే ఇంటి అప్పు వాయిదా ఎందుకు పెరుగుతుందో తెలిసిన కుర్రాడు ఆ పేరాను సగం సమయంలో చదివేస్తాడు. తెలియనివాడు ప్రతి వాక్యం దగ్గరా ఆగుతాడు, తన ఇంగ్లిష్ బాగాలేదనుకుంటాడు, ఇంకో గ్రామర్ పుస్తకం కొంటాడు. ఏడాది పాటు రోజూ పేపరులో సంపాదకీయం, వ్యాపార పేజీ చదివినవాడికి ఏ ‘ట్రిక్స్’ పుస్తకమూ సాటిరాదని నా నమ్మకం. తెలుగు పేపరైనా సరే. విషయం ఏ భాషలో బుర్రకెక్కినా ఇంగ్లిష్ ప్యాసేజ్‌లో పనికొస్తుంది.

అయితే పరీక్ష దగ్గర ఇదే జ్ఞానం ఎదురు తిరుగుతుంది. అదెలాగో చూడడానికి టికియాపారా వాన మీదే ఒక కల్పిత పేరా ఇస్తున్నాను.

‘రాత్రి కురిసిన వర్షానికి యార్డులో నీరు నిలవడంతో ఉదయం నడవాల్సిన లోకల్ రైళ్లలో ఎక్కువ భాగం ఆలస్యమయ్యాయి. దూరప్రాంత రైళ్లలో రెండింటిని హౌరాకు బదులు సంత్రాగచ్చి నుంచి నడిపారు. పంపులతో నీరు తోడాక మధ్యాహ్నానికి రాకపోకలు కుదుటపడ్డాయి. డ్రైనేజీ పనులు పూర్తయితే వచ్చే వర్షాకాలంలో ఈ ఇబ్బంది తగ్గుతుందని అధికారులు భావిస్తున్నారు.’

ఈ పేరాను బట్టి ఏది నిజం? మొదటి ఆప్షన్, ఉదయం లోకల్ రైళ్లన్నీ ఆలస్యమయ్యాయి. రెండోది, కొన్ని దూరప్రాంత రైళ్లు తమ మామూలు స్టేషన్ నుంచి కాక వేరే చోటి నుంచి కదిలాయి. మూడోది, డ్రైనేజీ పనులు పూర్తయితే ఇబ్బంది తగ్గుతుంది. నాలుగోది, ప్లాస్టిక్ చెత్తతో కాలువలు పూడిపోవడం నీరు నిలవడానికి ఒక కారణం.

రెండోదే జవాబు. పేరాలోని మాటలు అందులో దాదాపుగా లేవు, భావం మాత్రం ఉంది. పేపరు తయారుచేసేవాళ్లు సరైన జవాబును సాధారణంగా ఇలాగే, మాటలు మార్చి రాస్తారు. తప్పు జవాబులకు పేరాలోని మాటల్నే యథాతథంగా తగిలిస్తారు, కళ్లు వాటిమీదికే పోతాయని. మొదటిదాన్ని చూడండి. ‘ఎక్కువ భాగం’ అన్నది ‘అన్నీ’ అయిపోయింది. అంతా, ఎప్పుడూ, మాత్రమే, తప్పనిసరిగా లాంటి మాట ఆప్షన్‌లో కనబడితే పేరాలోకి తిరిగి వెళ్లి సరిచూసుకోవాలి. మూడోదానిలో మోసం ఇంకా సన్నటిది. అధికారుల అభిప్రాయం కాస్తా వాస్తవంగా మారింది. ఎవరో భావించారు, ఎవరో ఆరోపించారు, ఎవరో ఆశించారు అన్న తోక తెగిపోతే వాక్యం అర్థమే మారుతుంది. వార్తలు చదివేటప్పుడు కూడా మనం రోజూ పడే గుంట ఇదే.

నాలుగోది తెలివైనవాళ్ల కోసం వేసిన వల. నగరాల్లో కాలువలు ప్లాస్టిక్‌తో పూడుకుపోతాయని అందరికీ తెలుసు. హౌరాలోనూ అదే నిజం కావచ్చు. కానీ పేరా ఆ మాట చెప్పలేదు. విషయం తెలిసినవాడికి పేరా త్వరగా అర్థమవుతుందని ఇంతకుముందే అన్నాను. అదే మనిషి జవాబు పెట్టేటప్పుడు తనకు తెలిసినదాన్ని పక్కన పెట్టి, కాగితం మీద ఏముందో దానికే కట్టుబడాలి. అర్థం చేసుకోవడానికి లోకజ్ఞానం, జవాబుకు కాగితం. ఈ రెండు దశల్ని కలిపేసుకోవడం వల్లే బాగా చదివే పిల్లలకు కూడా కాంప్రహెన్షన్‌లో మార్కులు తగ్గుతాయి.

ఈ తేడాను చక్కగా పట్టుకున్న పరీక్ష ఐఈఎల్‌టీఎస్. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లాలనుకునే మన పిల్లలు ఎంతోమంది రాస్తారు. రీడింగ్ విభాగంలో 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. కొన్ని ప్రశ్నలకు ఒప్పు, తప్పు అని కాకుండా మూడో గడి కూడా ఉంటుంది, ‘నాట్ గివెన్’. పేరా ఆ సంగతి ఒప్పనీ అనలేదు, తప్పనీ అనలేదు, అసలు ఎత్తనే లేదు అని. మన అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఈ గడి దగ్గరేనని నేర్పేవాళ్లు చెబుతారు. తడబడక ఏంచేస్తారు? ప్రశ్నకు ‘దీని గురించి పాఠంలో లేదు’ అని జవాబు రాస్తే మన బడిలో మార్కులిచ్చిన మాస్టారు ఎవరు? నా మాట వింటే, రైల్వే పరీక్ష రాసేవాడైనా, గ్రూప్స్ రాసేవాడైనా, విదేశం ఊసే లేనివాడైనా ఆ పాత ప్రశ్నపత్రాలు నాలుగైనా చేయడం మంచిది. చెప్పనిదాన్ని గుర్తుపట్టే అభ్యాసం అంత సూటిగా దొరికే చోటు తక్కువ.

రైల్వే పరీక్షనే తీసుకోండి. ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీ మొదటి దశలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 54 సెకన్లు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఇంగ్లిష్ విభాగం విడిగా లేదు కాబట్టి కాంప్రహెన్షన్ అక్కర్లేదనుకుంటారు. రీజనింగ్‌లో వచ్చే ‘వాక్యం, నిర్ధారణ’ ప్రశ్నలు మరేమిటి? ఇచ్చిన వాక్యాన్ని బట్టి ఇది తేలుతుందా, తేలదా అనడం అచ్చంగా చదివి అర్థం చేసుకునే పరీక్షే. ఇంకో సంగతి. ఈ పరీక్ష తెలుగుతో కలిపి 15 భాషల్లో రాయవచ్చు. కానీ ప్రశ్నలో భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే చెల్లుతుందని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. తెలుగులో ప్రశ్న వింతగా అనిపిస్తే ఇంగ్లిష్ పాఠం మీద కూడా ఒక చూపు వేయాలి. నోటిఫికేషన్‌లో ఈ వాక్యం దాకా చదివేవాళ్లు ఎందరంటారు?

54 సెకన్లు అనగానే స్పీడ్ రీడింగ్ కోర్సులు గుర్తొస్తాయి. వాటి మీద డబ్బు తగలేయకండి. కంటి కదలికల మీద జీవితమంతా పరిశోధన చేసిన కీత్ రేనర్, సహ పరిశోధకులతో కలిసి రాయగా 2016లో వెలువడిన సమీక్ష సారాంశం ఇది: వేగం పెంచితే అర్థం తగ్గుతుంది, రెండూ కలిపి పెంచే మంత్రం లేదు. వేగంగా చదివేవాళ్లకు ఆ భాషలో మాటలు ఎక్కువ తెలుసు, చదివిన అనుభవం ఎక్కువ, అంతే. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని ఇంగ్లిష్ లెక్కలు తెచ్చి తెలుగుకు తగిలించడం మరీ అన్యాయం. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలయ్యేది మనకు ఒకే మాటలో ఇమిడిపోతుంది.

ఇక ఉద్యోగం. ఇక్కడ పరీక్ష నేర్పిన అలవాటుకు ఇంకో సగం కలపాలి. పరీక్షలో ‘చెప్పలేదు’ అని గుర్తించి గడి నింపితే పని అయిపోతుంది. ఉద్యోగంలో ‘చెప్పలేదు’ అని గుర్తించాక, వెళ్లి అడగాలి.

పశ్చిమ బెంగాల్‌లోనే దీనికి ఒక విషాద ఉదాహరణ ఉంది. 2024 జూన్ 17 ఉదయం న్యూ జల్పాయిగుడి దాటాక రంగాపాని దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గూడ్స్ రైలు ఢీకొట్టింది. పది మంది చనిపోయారు. మృతుల్లో గూడ్స్ లోకో పైలట్, ఎక్స్‌ప్రెస్ గార్డు ఉన్నారు. ఆ సెక్షన్‌లో తెల్లవారుజాము నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. స్టేషన్ నుంచి డ్రైవర్లకు టి/ఏ 912 అనే ఫారం ఇచ్చారు. చెడిపోయిన సిగ్నళ్లను ఎర్రగా ఉన్నా దాటిపోవచ్చని అనుమతించే కాగితం అది. ఎంత వేగంతో పోవాలో అందులో లేదు.

మొదటి రోజే వేళ్లన్నీ చనిపోయిన గూడ్స్ డ్రైవర్ వైపు చూపాయి. తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది వేరు. ఆ ఉదయం ఆ సెక్షన్‌లోకి అదే కాగితంతో ఏడు రైళ్లు వెళ్లాయి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక నిమిషం ఆగి, గంటకు 15 కిలోమీటర్లు మించకుండా నడిచింది వాటిలో ఒక్క కాంచన్‌జంగా. మిగతా ఆరూ ఎవరికి తోచిన వేగంతో వాళ్లు పోయాయి. ఒకే కాగితం, ఏడుగురు చదువరులు. అందరూ పరీక్ష పాసై, శిక్షణ పొంది, ఏళ్ల తరబడి రైళ్లు నడిపినవాళ్లే. ఇచ్చిన ఫారమే ఆ పరిస్థితికి తగినది కాదని, చాలాసేపు సిగ్నళ్లు పనిచేయనప్పుడు ఇవ్వాల్సింది టి/డి 912 అని విచారణ నివేదిక చెప్పింది. ఆటోమేటిక్ సిగ్నళ్ల ప్రాంతంలో ఎలా నడపాలో డ్రైవర్లకు, స్టేషన్ మాస్టర్లకు సరిగా నేర్పలేదని కూడా.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆరుగురు తప్పుగా చదివారా? కాగితంలో ఉన్న మాటల వరకు సరిగ్గానే చదివారు. ‘దాటవచ్చు’ అని ఉంది, దాటారు. ‘ఎంత వేగంతో’ అన్న ఖాళీ దగ్గర ఒక్కొక్కరు ఒక్కో జవాబు పూరించుకున్నారు. జేసీఓ తేదీ చదివి విశాఖలో నిశ్చింతగా ఉన్న ప్రయాణికుడి బుర్రలో జరిగిందీ, ఇక్కడ జరిగిందీ ఒకటే. నష్టంలోనే తేడా. అందుకే ‘డ్రైవర్ అశ్రద్ధ’ అని రాసి ఫైలు మూసేస్తే ఇలాంటి ప్రమాదం నుంచి ఏమీ నేర్చుకోనట్టే.

రైల్వేకు ఈ సంగతి తెలియదని కాదు. ప్రపంచంలో ‘చదివావా’ అన్న ప్రశ్నను రైల్వే అంత గట్టిగా అడిగే సంస్థలు తక్కువ. స్టేషన్ మాస్టర్, గేట్‌మన్ ఫోన్లో మాట్లాడుకుంటే సరే అనడంతో పని జరగదు, ప్రైవేట్ నంబర్ ఇచ్చిపుచ్చుకుని రాసుకోవాలి. సిగ్నల్ కనబడగానే లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ దాని రంగును పైకి చెప్పుకోవాలి. దారిలో ఎక్కడెక్కడ నెమ్మదించాలో కాషన్ ఆర్డర్ రాసిచ్చి సంతకం తీసుకుంటారు. కానీ ఇవన్నీ అందిందని రుజువులు. అర్థమైందనడానికి రుజువు వేరు. కాషన్ ఆర్డర్ కింద సంతకం పెట్టినవాడిని ‘అయితే ఫలానా కిలోమీటరు దగ్గర ఏం చేస్తావ్?’ అని అడిగి చూస్తేనే అది తెలుస్తుంది.

ఆఫీసులోనూ అంతే. సర్క్యులర్ వచ్చింది, అందరూ చదివి ‘నోటెడ్’ అని పెట్టారు. గ్రామ సచివాలయం నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీ దాకా ఇదే తంతు. మనవాళ్లలో తెలియనిది అడిగితే చిన్నతనమన్న భయం ఒకటి. పెద్దాఫీసరు రాసినదాన్ని ‘ఇందులో గడువు ఏ తేదీ నుంచి లెక్కించాలో లేదండీ’ అని తిప్పి అడిగితే ఎదురు మాట్లాడినట్టు చూస్తారు. అలా అడగగలిగిన గుమాస్తా ఆ ఆఫీసుకు ఎంత మేలు చేస్తున్నాడో నష్టం జరిగాక గానీ తెలియదు. ప్రతి ఉత్తర్వునూ చదివాక నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు గట్టెక్కుతాం: ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, దేనికి మినహాయింపు, ఇందులో రాయకుండా నేను ఊహించుకున్నది ఏమిటి. చివరి ప్రశ్న వేసుకోవడమే కష్టం.

మరి దీన్ని అలవాటు చేసుకోవడం ఎలా? రంగు పెన్నులతో గీతలు గీస్తే పుస్తకం అందంగా ఉంటుంది. జాన్ డన్లాస్కీ బృందం 2013లో చదువు పద్ధతుల్ని బేరీజు వేసినప్పుడు గీతలు గీయడం, చదివిందే మళ్లీ చదవడం రెండూ తక్కువ ఫలితమిచ్చేవాటి కిందే తేలాయి. పుస్తకం మూసి తనను తాను ప్రశ్నించుకోవడం పైకి వచ్చింది. అంతకన్నా పాతది, నాకు బాగా నచ్చినది, 1984లో అన్‌మరీ పలింక్సార్, ఆన్ బ్రౌన్ రాసిన పద్ధతి. పైకి బాగా చదువుతూ అర్థం పట్టుకోలేని ఏడో తరగతి పిల్లల్ని గుంపుగా కూర్చోబెట్టారు. వంతులవారీగా ఒక్కొక్కరు టీచరవుతారు. పేరా చదివి సారం చెప్పాలి, దానిమీద మిగతావాళ్లను ప్రశ్న అడగాలి, ఎక్కడ అర్థం కాలేదో ఒప్పుకుని తేల్చుకోవాలి, తర్వాత ఏం రావచ్చో ఊహించాలి. కొద్ది వారాల్లోనే పిల్లల్లో అర్థం చేసుకునే శక్తి బాగా పెరిగింది.

దీనికి బెంచీలు కూడా అక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లోనో, శ్రీకాకుళంలోనో ఒకే గదిలో ఉండి పరీక్షలకు చదివే నలుగురు కుర్రాళ్లు రోజుకో సంపాదకీయంతో చేసుకోవచ్చు. నేనైతే వాళ్లకు ఒక షరతు కలుపుతాను. జవాబు ఏదో చెప్పి ఊరుకోకూడదు, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో పేరాలో వేలు పెట్టి చూపాలి. వేలు పెట్టడానికి చోటు దొరకలేదంటే ఆ మాట మనం కలుపుకున్నదన్నమాట. ఇంట్లో పిల్లలతోనైతే ఇంకా సులువు. కరెంటు బిల్లు, మందుల చీటీ, బడి నుంచి వచ్చిన నోటీసు చదివించి, ‘ఇందులో మనకు తెలియాల్సింది, రాయనిది ఏంటమ్మా?’ అని అడగండి.

ఇంతసేపూ భారమంతా చదివేవాడి మీదే వేశాను. అది సగం న్యాయమే. రాసేవాడు ఖాళీ వదిలిపెట్టి, చదివేవాడు దాన్ని కనిపెట్టలేదని నిందించడం మన దొరతనపు అలవాటు. రంగాపాని దగ్గర ఆ ఫారంలో వేగం అంకె ఒకటి ఉండి ఉంటే ఏడుగురికీ ఒకే అర్థం వచ్చేది. టికియాపారాలో నీళ్లు నిలిచిన ప్రతిసారీ రద్దు ప్రకటన రాసే అధికారులకు నా విన్నపం: జేసీఓ తేదీ పక్కన ‘ఈ రైలు విశాఖపట్నంలో 15న ఎక్కాల్సినవారికి కూడా రద్దయింది’ అని పెద్ద స్టేషన్ల తేదీలు కూడా రాయండి. తెలుగులో కూడా రాయండి.